రైట్

పద్దెనిమిదేండ్లు నీళ్ళు తాగకుండ కొలువు చేసిన.
తాగితే పోవాలె. పోతే యాడికి?
అఫ్జల్‌గంజ్ నుంచి సికింద్రాబాద్ దాంక
మొగోళ్ళకు గోడలున్నయి,
నాకు భుజం మీద సంచి, చేతుల టిమ్ మిషను.
ఒక్క గుటకతోని పెదవులు తడుపుకొని
ట్రిప్పు ఎనక ట్రిప్పు ఎండబెట్టుకున్న పానం.
అట్ల పుట్టింది రాయి,
ఎడమ కిడ్నీల, తొమ్మిది మిల్లీమీటర్లు.
మా పిల్లగాడు స్కేలు తెచ్చి చూపిచ్చిండు,
"ఇంతే అమ్మా, శెనగ్గింజంత."

ఆ శెనగ్గింజ చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద
నన్ను రాడ్డు పట్టుకున్నకాడనే కూలేసింది.
జీరో టికెట్ కొట్టమని ఒకామె
నా మొఖం ముందర ఆధార్ కార్డు ఊపుతనే ఉన్నది.

తార్నాక ఆస్పత్రోళ్ళు చీటీ రాసి
సోమాజిగూడకు పంపిండ్రు. మూడో అంతస్తు.
నడుము కింద నీళ్ళ సంచి,
రొమ్ము మీద మూడు స్టిక్కర్లు, మూడు తీగలు.
టెక్నీషియన్ ముబీన్, గడ్డం సగం నెరిసింది,
"కోసుడు లేదక్కా, చిటికెలేసినట్టుంటది" అన్నడు.

చిటికెలు కాదు.
మా డిపో క్లర్కు లీవు కాయితాల మీద ముద్ర గుద్దినట్టు
టక్. టక్. టక్.
నిమిషానికి అరవై.
ఎవర్ని అడుగుడు లేదు, మొఖం చూసుడు లేదు.

రెండొందల దెబ్బలు దాటినంక
గుండె ఒకటి ఎక్కువ కొట్టుకున్నది.
స్టాపు లేని కాడ డ్రైవరు బ్రేకేస్తే
నిలబడ్డోళ్ళంత ఒక్క అడుగు ముందలికి తూలుతరు సూడు,
గట్ల తూలింది లోపల.
మల్లొకటి.
తెర మీద పచ్చగీత తొవ్వ తప్పింది.

ముబీన్ చెయ్యి ఎటో పోయింది.
టక్ ఆగింది.
ఏసీ చప్పుడు. కింద రోడ్డు మీద హారను.
(మాదే, డీలక్సు. పండుకొని సుత గుర్తువడతా.)
డాక్టరు శశిరేఖ వచ్చి గీత చూసి
"గుండెకు కలపండి" అన్నది. అంతే.

"ఏం కలుపుతరు?" అన్న, నోరెండిపోయి.
ముబీన్ తెర దిక్కు ఏలు చూపిండు.
"ఈ గీత నిలువుగ లేస్తది గద,
లేసిన ఎంటనే రవ్వంత సేపు గుండెకు చెవుడు.
ఎవరు పిల్చినా పలకది. గప్పుడు కొడితే దానికి తాకది.
ఇగ మిషను తన ఇష్టమొచ్చినట్టు కొట్టదక్కా.
నీ గుండె చెప్పినంకనే."

నవ్వొచ్చింది, ఆ తీగల నడుమ.
"అంటే అది రైట్ అంటెనే బండి కదుల్తదన్నట్టు."
"హౌ. కండక్టరు అదే."

పీప్. రైట్. టక్.
పీప్. రైట్. టక్.

బిడ్డ కాలేజీ ఫీజు యాదికొచ్చింది. గుండె ఉరికింది,
ఎంబడే దెబ్బలు ఉరికినయి.
"ఏం సోచాయిస్తున్నవక్కా, నెమ్మది."
ఆఖరి ట్రిప్పు సోచాయించిన.
ట్యాంక్‌బండ్ మీద ఖాళీ బస్సు,
సీట్ల మీద జారిపోయే లైట్లు,
కట్టలు కట్టిన చిల్లర, చెప్పులిడిసిన కాళ్ళు.
గుండె నెమ్మదిచ్చింది.
ఇనుపది సుత నెమ్మదిచ్చింది.

అప్పుడు ఎతికిన, నా కోసం ఆగినోళ్ళెవరని.
కంట్రోలరు ఆగలే. టైమింగు ఆగలే.
ఆ నాలుగు దినాల సుత ఎవ్వరు ఆగలే.
ఇగో, పేరు తెల్వని ఈ మిషను ఆగింది,
రెప్పపాటంత,
మూడు వేల మాట్ల.

అరగంటది గంట దాటిందని
బయట ఇంకో పేషెంటు లొల్లి పెట్టిండంట.

మూడోనాడు జల్లెడల ఎర్రిసుక పడ్డది.
టెస్టుకిమ్మంటే ఇచ్చిన.
చిటికెడు కాయితంల దాచుకున్న, ఎందుకో అడగకుండ్రి.

ఇప్పుడు సంచిల చిల్లర కంటే సీసా బరువు.
కోఠిల బండి ఆపిచ్చి దిగుతున్న.
మొదటిదినం ఇస్తారి హారను మీద హారను కొట్టిండు.
కిటికీల కెల్లి ఎవరో, "ఏందమ్మా, గింతసేపా?"
వచ్చి, మెట్టెక్కి,
ఊపిరి దిగేదాంక నిలబడి
అప్పుడన్న
రైట్.